డబ్బా పాతది, టీవీ కొత్తది

పండగ ఆఫర్లలో టీవీలు కొన్నవాళ్లు ఈసారి చాలామందే ఉన్నట్టున్నారు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. టీవీ కొత్తది, రికార్డింగు డబ్బా పాతది, రెండిటికీ పొసగడం లేదు. అందుకని చల్లబడని ఫ్రిజ్‌లనీ నీళ్లు కారే వాషింగ్ మెషీన్లనీ వచ్చే నెలకి వాయిదా వేసి, ఈ నెల పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో 2011లో పెట్టించుకున్న డీటీహెచ్ రికార్డర్ బాక్సు ఉంది. మామూలుదే, హెచ్‌డీ కాదు. మొన్న మా అబ్బాయి 43 అంగుళాల 4కె టీవీ కొన్నాడు. బాక్సుకి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు ఉన్నాయి గానీ టీవీకి ఆ రంగుల రంధ్రాలే లేవు. ఆన్‌లైన్లో ఒకవైపు హెచ్‌డీఎంఐ, ఇంకోవైపు మూడు పిన్నులు ఉన్న వైరు తెప్పించి పెడితే ‘నో సిగ్నల్’ అంటోంది. టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు ఆ డబ్బా పారేసి కొత్తది తీసుకోమన్నాడు. కానీ మావారు ఒక చానల్లో పద్యాలు పాడిన కార్యక్రమం అందులో ఉంది. ఆయన ఇప్పుడు లేరు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ డబ్బా పారెయ్యకండి. కనెక్షన్ మార్చకండి. రీచార్జి కూడా అప్పుడే ఆపకండి, ఎందుకంటే చాలా బాక్సుల్లో కనెక్షన్ ఆగిపోతే పాత రికార్డింగులు కూడా తెరుచుకోవు. టీవీలో బొమ్మ బాగా రావడం రెండో పని. మీవారి పద్యాలు ఆ డబ్బాలోంచి బయటికి రావడం మొదటి పని. 2011 నుంచి ఉన్న బాక్సు అంటున్నారు. అందులోని హార్డ్‌డిస్కు మీరు టీవీ చూస్తున్నా చూడకపోయినా, బాక్సు వెలుగుతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, లేకపోతే లైవ్‌ని మధ్యలో ఆపి మళ్లీ చూడటం కుదరదు కదా. ఇన్నేళ్లు తిరిగిన డిస్కు రేపు కూడా తిరుగుతుందని పూచీ ఎవరూ ఇవ్వలేరు. చెవి దగ్గర పెట్టి వినండి, టిక్ టిక్ మని చప్పుడు వస్తుంటే ఇవాళే మొదలుపెట్టండి.

హార్డ్‌డిస్కు పీకి కంప్యూటర్‌కి తగిలిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. రికార్డింగులన్నీ ఆ బాక్సుకీ, అందులోని కార్డుకీ ముడిపెట్టి తాళం వేసి ఉంటాయి. కంప్యూటర్‌కి ఆ డిస్కు అర్థం కాదు, ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడుగుతుంది. ఒకప్పుడు నేను ఆ ప్రశ్నకి ‘అవును’ అని నొక్కాను. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్, ధోనీ కొట్టిన ఆఖరి సిక్సర్‌తో సహా, ఆ ఒక్క నొక్కుతో పోయింది. మ్యాచ్ అయితే ఇంకెక్కడైనా దొరుకుతుంది. మీ పద్యాలు దొరకవు.

సరైన దారి ఏమిటంటే, బాక్సులో కార్యక్రమం ప్లే చేసి, ఆ మూడు రంగుల వైర్లలోంచి వచ్చే బొమ్మనీ శబ్దాన్నీ లాప్‌టాప్‌లో పట్టుకోవడం. దీనికి యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ అని చిన్న పరికరం దొరుకుతుంది, ఒకవైపు మూడు రంధ్రాలు, ఇంకోవైపు యూఎస్‌బీ. ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. సెట్టింగుల్లో పాల్ (మన దేశపు పాత టీవీ సిగ్నల్ పద్ధతి), 720 బై 576 అని పెట్టండి. గంట కార్యక్రమం ఎక్కడానికి గంటే పడుతుంది, తొందరపెడితే వినదు. సెకనుకి 6 మెగాబిట్ల లెక్కన గంటకి దాదాపు 2.7 జీబీ అవుతుంది, పెద్ద పెన్‌డ్రైవ్‌లో చాలా పడుతుంది. మధ్యలో లాప్‌టాప్ నిద్రపోకుండా, బాక్సు దానంతటది స్టాండ్‌బైకి పోకుండా ముందే ఆ సెట్టింగులు తీసేయండి. అయ్యాక వేరే వేరే చోట్ల రెండు కాపీలు దాచండి, ఒకటి మీ అబ్బాయి దగ్గర, ఒకటి మీ దగ్గర.

ఎక్కించిన వీడియోలో బొమ్మ కాసేపు వెలిగి కాసేపు మసకబారి, మళ్లీ వెలుగుతూ ఊగుతుంటే అది వైరు తప్పు కాదు, ఆ చానల్ కాపీ కాకుండా పెట్టిన అడ్డు. అప్పుడు మిగిలింది మొరటు పద్ధతే. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్‌ని స్టాండుకి బిగించి, టీవీ తెరనే షూట్ చేయడం. అందంగా ఉండదు, కానీ గొంతు ఉంటుంది.

ఇక టీవీ సంగతి. మీరు తెప్పించిన వైరు మీద డబ్బు దండగ, తిరిగి పంపించేయండి. పాత బాక్సు పంపేది అనలాగ్ సిగ్నల్, హెచ్‌డీఎంఐలో పోవాల్సింది డిజిటల్. మధ్యలో మార్చే చిప్ లేకుండా ఉత్త వైరు ఏం చేస్తుంది? అసలు ముందు టీవీ వెనక ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది ‘ఏవీ ఇన్’ అని రాసి ఉందేమో చూడండి. చాలా కొత్త టీవీలకి మూడు రంధ్రాల బదులు ఆ ఒక్కటే ఇస్తున్నారు. దానికి జానెడు వైరు ఒకటి చాలాసార్లు టీవీ అట్టపెట్టెలోనే వస్తుంది, మనవాళ్లు దాన్ని థర్మోకోల్‌తో పాటు అటక మీద పెట్టేస్తారు. వెతకండి. దొరక్కపోతే బజార్లో అలాంటిదే కొనొచ్చు గానీ ఒక చిక్కుంది. చూడటానికి అన్నీ ఒకలాగే ఉన్నా లోపల పట్టీల వరస ఒక్కో కంపెనీది ఒక్కో రకం. పాత హ్యాండీక్యామ్ వైరు పెడితే బొమ్మ రాకుండా స్పీకర్లో ‘జుయ్’ మంటుంది. పసుపు పిన్నుని ఎరుపులోకీ తెలుపులోకీ మార్చి చూడండి, చాలాసార్లు ఒకచోట కుదురుతుంది. అప్పటికీ కుదరకపోతే ఆ టీవీకి చెప్పిన వైరే కొనాలి.

ఆ రంధ్రం కూడా లేకపోతేనే కన్వర్టర్. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుంది, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఏవీ నుంచి, అంటే ఆ మూడు రంగుల వైర్ల నుంచి, హెచ్‌డీఎంఐకి మార్చేది అడగండి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా అచ్చం అలాగే ఉంటుంది, షాపువాడు చేతికందింది ఇచ్చేస్తాడు. దానికి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా ఫోన్ చార్జర్ నుంచి ఇవ్వండి, బొమ్మ వచ్చిపోయే బాధ తగ్గుతుంది. దాని మీద 1080 అని మీట ఉంటుంది, అది నొక్కితే హెచ్‌డీ వచ్చేస్తుందని ఆశపడకండి.

బొమ్మ మసకగా ఎందుకుందని మీరు అడగలేదు గానీ, తగిలించిన మరుక్షణం అడుగుతారు, అందుకే ఇప్పుడే చెప్పేస్తాను. మీ బాక్సు ఇచ్చే బొమ్మలో ఉండేవి 720 బై 576, అంటే 4,14,720 చుక్కలు. మీ కొత్త టీవీలో ఉన్నవి 82,94,400. సరిగ్గా 20 రెట్లు. వచ్చిన ఒక్కో చుక్కకీ మిగతా 19 చుక్కల్ని టీవీ ఊహించుకుని నింపుతోంది. గ్లాసుడు మజ్జిగలో బిందెడు నీళ్లు కలిపితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది మరి. దీనికి తోడు ఆ పసుపు వైరులో రంగూ వెలుగూ ఒకే తీగలో కలిసి వస్తాయి, వాటిని టీవీ విడదీసేటప్పుడు అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. మన పాత 21 అంగుళాల డబ్బా టీవీ ఈ లోపాలన్నీ కడుపులో దాచుకునేది. కొత్తది దాచదు. షార్ప్‌నెస్ పెంచాలనిపిస్తుంది, పెంచకండి, బాగా తగ్గించండి. పిక్చర్ మోడ్‌లో ‘వివిడ్’ తీసేసి ‘స్టాండర్డ్’ గానీ ‘సినిమా’ గానీ పెట్టండి. కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకోండి. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఈ ఆఖరిదే.

పద్యాలు బయటికొచ్చి, రెండు కాపీలూ నడుస్తున్నాయని చూసుకున్నాక కావాలంటే హెచ్‌డీ బాక్సు తీసుకోండి. అప్పుడు ఆ కుర్రాడు చెప్పింది తప్పేం కాదు.

ప్రశ్న: పాత రికార్డర్ పెడితే మనుషులందరూ లావుగా, పొట్టిగా కనబడుతున్నారు. వార్తల్లో కింద నడిచే అక్షరాలు సగం తెగిపోతున్నాయి. టీవీ పాడైందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: టీవీ బాగానే ఉంది. మీ రికార్డింగులు పాత టీవీల కొలతలో, అంటే 4:3లో ఉన్నాయి. కొత్త టీవీ 16:9. ఖాళీ కనిపిస్తే మనవాళ్లకి నచ్చదని కంపెనీలు బొమ్మని అడ్డంగా సాగదీసి చూపిస్తాయి. టీవీ రిమోట్‌లో ‘పిక్చర్ సైజ్’కి వెళ్లి 4:3 పెట్టండి, అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఇంత డబ్బు పోసి కొన్న టీవీలో సగం నలుపేంటి’ అని గొడవ పెడతారు, మా ఇంట్లోనూ పెట్టారు. నిజానికి పోయేది సగం కాదు, నాలుగో వంతు.

ఇంకో మెలిక ఉంది. రికార్డర్ మెనూలో కూడా ‘టీవీ టైప్’ అని ఉంటుంది. ఎన్నడో పాత టీవీ ఉన్నప్పుడు అక్కడ 4:3 లెటర్‌బాక్స్ అని పెట్టి వదిలేసి ఉంటారు. వెడల్పు కార్యక్రమం వచ్చినప్పుడు రికార్డర్ పైనా కిందా నలుపు వేస్తుంది, టీవీ పక్కల నలుపు వేస్తుంది, బొమ్మ మధ్యలో పోస్టు బిళ్లలా మిగులుతుంది. రికార్డర్‌లో 16:9 అని మార్చండి, వెడల్పు కార్యక్రమం చూసేటప్పుడు టీవీని కూడా 16:9కి తిప్పండి. కింద అక్షరాలు తెగడం ఇంకో పాత అలవాటు, అంచులు కనబడకుండా బొమ్మని కాస్త పెద్దది చేసి చూపించడం. టీవీలో ‘ఓవర్‌స్కాన్’ అని ఉంటే ఆపేయండి, కొన్నిటిలో అదే ‘జస్ట్ స్కాన్’, ‘ఫిట్ టు స్క్రీన్’ అనే పేర్లతో ఉంటుంది. చౌక కన్వర్టర్ ద్వారా పెట్టినవాళ్లకి మాత్రం ఒక చేదు కబురు. వాటిలో చాలా మటుకు బొమ్మని ముందే సాగదీసి పంపుతాయి, హెచ్‌డీఎంఐ మీద 4:3 పెట్టనిచ్చే టీవీ అయితేనే మనుషులు మళ్లీ సన్నబడతారు.

ప్రశ్న: రికార్డర్ నుంచి శబ్దం హోమ్ థియేటర్‌కి, బొమ్మ టీవీకి ఇచ్చాం. మాట ముందు వినబడి పెదాలు తర్వాత కదులుతున్నాయి. తల నొప్పి వస్తోంది.
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రాక ఏమవుతుంది. మీ శబ్దం దగ్గరి దారిలో పోతోంది, బొమ్మ చుట్టు తిరిగి వస్తోంది. పాత బొమ్మని పెద్దది చేసి, గీతలు సరిచేసి చూపించడానికి టీవీకి కాస్త సమయం పడుతుంది. శబ్దం కూడా టీవీలోకే పంపించి, టీవీ వెనక ‘ఆప్టికల్’ అని రాసిన రంధ్రం నుంచో, ‘ఏఆర్‌సీ’ అని రాసిన హెచ్‌డీఎంఐ నుంచో హోమ్ థియేటర్‌కి తెచ్చుకోండి, రెండూ కలిసి నడుస్తాయి. మీది మరీ పాత హోమ్ థియేటర్ అయి ఆ రంధ్రాలు లేకపోతే, టీవీలో ఆ ఇన్‌పుట్‌కి ‘గేమ్ మోడ్’ పెట్టండి. ఆటలాడే పిల్లల కోసం పెట్టిన సెట్టింగే గానీ, బొమ్మని త్వరగా వదిలేయడం దాని పని కాబట్టి మనకీ పనికొస్తుంది.

ప్రశ్న: మా కిరాణా షాపులో నాలుగు సీసీ కెమెరాల డీవీఆర్ ఉంది, పాతది. మానిటర్ పోయేట్టుంది. కొత్త హెచ్‌డీ టీవీకి కలపాలంటే డీవీఆర్‌కి హెచ్‌డీఎంఐ లేదు, నీలం రంగు వీజీఏ ఉంది. కలిపితే బొమ్మ బాగుపడుతుందా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మన ఊళ్లలో డీవీఆర్ అంటే ఇదే. సీరియళ్లు రికార్డు చేసేదాన్ని డీవీఆర్ అంటే ఎవరికీ తెలియదు, దొంగని రికార్డు చేసేదంటే అందరికీ తెలుసు.

మానిటర్ పూర్తిగా పోకముందే ఒక పని చేయండి. డీవీఆర్ మెనూలోకి వెళ్లి బయటికి ఇచ్చే రిజల్యూషన్ ఎంతుందో చూసి, 1024 బై 768 గానీ, ఉంటే 1280 బై 720 గానీ పెట్టండి. ఏదో వింత కొలతలో ఉండిపోయి కొత్త టీవీ దాన్ని పట్టుకోలేకపోతే ‘నో సిగ్నల్’ తప్ప ఏమీ కనబడదు, మార్చుదామంటే మెనూ కూడా కనబడదు, అప్పుడు పక్క షాపు మానిటర్ అరువు తెచ్చుకోవాలి. ఆ తర్వాత వీజీఏని హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ పెట్టండి, దీనిక్కూడా చిప్పూ కరెంటూ ఉండాలి. టీవీకే వీజీఏ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

బొమ్మ బాగుపడుతుందా అంటే, ఆ క్షణంలో కెమెరా చూపించేది కాస్త పెద్దగా కనిపిస్తుంది, అంతే. రికార్డయింది వేసి చూస్తే ముఖాలు గుర్తుపట్టలేరు. బిగించినవాళ్లు డిస్కు ఎక్కువ రోజులు రావాలని సీఐఎఫ్‌లో, అంటే 352 బై 288లో పెట్టేసి ఉంటారు. చుక్కల లెక్కన చూస్తే అలాంటి బొమ్మలు ఒక ఫుల్ హెచ్‌డీ తెరలో దాదాపు 20 పడతాయి. మెనూలో దాన్ని డీ1 లేదా 4సీఐఎఫ్ చేయండి, నాలుగు రెట్లు వివరం వస్తుంది. డిస్కు కూడా దాదాపు నాలుగు రెట్లు త్వరగా నిండి, 20 రోజుల రికార్డింగు ఉండేచోట అయిదారు రోజులే మిగులుతుంది. ఎన్ని రోజులు కావాలో, ఎంత స్పష్టంగా కావాలో మీ గల్లాపెట్టెని బట్టి మీరే తేల్చుకోండి. నన్నడిగితే నెల రోజుల మసక కన్నా వారం రోజుల ముఖాలు మేలు.

ఎప్పటికైనా డీవీఆర్ మార్చేటప్పుడు పాత అనలాగ్ కెమెరాలూ కొత్త హెచ్‌డీ కెమెరాలూ రెండూ ఎక్కేది అడిగి తీసుకోండి. గోడల్లో ఉన్న పాత కోయాక్సియల్ వైరు బాగుంటే చాలు, దాని మీదే హెచ్‌డీ కెమెరాలు నడుస్తాయి, వైరింగు మళ్లీ లాగాలని ఎవరైనా అంటే ఎందుకని గట్టిగా అడగండి. కెమెరాలు ఒక్కోటిగా మార్చుకోవచ్చు, గల్లా మీద ఉన్నది ముందు. ఇంకొకటి, టీవీ ఓలెడ్ రకం అయితే దాన్ని రోజంతా కెమెరాల బొమ్మ మీద వదిలేయకండి, ఆ నాలుగు గళ్ల గీతలు తెర మీద అచ్చు పడిపోతాయి.

ప్రశ్న: 2007లో కొన్న డీవీడీ రికార్డర్ ఉంది. కేబుల్ వైరు నేరుగా పెడితే ఒక్క చానల్ రావట్లేదు. అప్పట్లో ఎక్కించుకున్న డిస్కులు దీంట్లో ఆడుతున్నాయి గానీ మా తమ్ముడి ప్లేయర్‌లో ఆడటం లేదు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండు ప్రశ్నలు. మొదటిది తేలిక, దాంట్లో ఉన్నది అనలాగ్ ట్యూనర్, అంటే పాతరకం సిగ్నల్‌లోంచే చానళ్లని పట్టే భాగం. కేబుల్ డిజిటల్ చేయడంలో హైదరాబాద్, విశాఖ రెండో విడతలో ఉన్నాయి, దానికి గడువు 2013 మార్చి 31. ఆ తర్వాత ఆ ట్యూనర్‌కి చేతిలో పని లేదు. సెట్‌టాప్ బాక్సు ఏవీ అవుట్‌ని రికార్డర్ వెనక లైన్ ఇన్‌కి ఇచ్చి, రికార్డర్ చానల్ ‘ఎల్1’కి మార్చండి. టైమర్ పెట్టినప్పుడు సెట్‌టాప్ బాక్సు కూడా ఆన్‌లోనే, ఆ చానల్ మీదే ఉండాలి, లేకపోతే మీ అత్తగారి సీరియల్ బదులు రెండు గంటల టెలీషాపింగ్ ఎక్కుతుంది. హెచ్‌డీఎంఐ నుంచి రికార్డు చేద్దామంటే కుదరదు, దానికి హెచ్‌డీసీపీ అనే తాళం ఉంది.

రెండోది అసలైనది. ఆ డిస్కులు ‘ఫైనలైజ్’ చేసి ఉండరు. ఆ పని అయ్యేదాకా అవి తమ రికార్డర్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఒక్కో డిస్కు పెట్టి, మెనూలో ఫైనలైజ్ నొక్కండి, కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. ఇది ఆ రికార్డర్ బతికుండగానే జరగాల్సిన పని. ఆనక అన్నిటినీ కంప్యూటర్‌లోకి కూడా కాపీ చేసుకోండి, ఇంట్లో రాసుకున్న డిస్కుల మీది రంగు పూత కాలం గడిచే కొద్దీ పాడవుతుంది. కొత్త టీవీకి కలిపేటప్పుడు మీ రికార్డర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే అదే వాడండి. లేకపోతే ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపొనెంట్ వైర్లు, అవీ లేకపోతేనే పసుపు. టీవీలో ఆకుపచ్చా పసుపూ ఒకే రంధ్రానికి రాసి ఉంటే కంగారు పడకండి, పసుపు పిన్ను అందులోనే పెట్టి మెనూలో ఏవీ అని ఎంచుకోవాలి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చిందంటే టీవీ ఇంకా కాంపొనెంట్ అనుకుంటోందన్నమాట.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా అబ్బాయి తను వాడి పక్కనపెట్టిన వీడియో రికార్డర్ పంపించాడు. మన టీవీకి పనిచేస్తుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంకా ప్లగ్ పెట్టలేదనే అనుకుంటాను. వెనక చీటీ చూడండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి పెట్టగానే పొగ వస్తుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పెట్టి, మీ టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపితే, మీ అబ్బాయి పాత రికార్డింగులేమైనా అందులో ఉంటే అవి చూసుకోవచ్చేమో, అదీ అక్కడి కనెక్షన్ అడగకుండా తెరుచుకుంటే. మన చానళ్లు రికార్డు చేయడం మాత్రం జరగదు. అక్కడి ట్యూనర్ అక్కడి సిగ్నల్‌కి చేసింది, కార్యక్రమాల పట్టిక కూడా అక్కడి పిన్‌కోడ్ అడుగుతుంది. మీ అబ్బాయితో మాత్రం బాగా పనిచేస్తోందనే చెప్పండి, లేకపోతే రెండోది పంపిస్తాడు.